మట్టి కూడా సాక్ష్యం చెబుతుంది



మొన్న మనవాళ్ళలో ఒకరి స్థలంలో పునాది తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. కూలీలు భయపడి పక్కకి జరిగారు. మేస్త్రీ మాత్రం పని ఆగకూడదని మట్టితో పాటే వాటినీ ట్రాక్టరుకెత్తించి ఊరవతల గుంటలో పోయించేశాడు. అవి మనిషివా, పశువువా? వందేళ్ళ నాటివా, పదేళ్ళ నాటివా? ఇక ఎవరూ చెప్పలేరు. "పోలీసులకి చెబితే లేనిపోని తలనొప్పి" అన్నారు చాలామంది. మేమూ ఆ రోజు ఊరుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అది తప్పనిపించింది. ఎందుకో చెప్పడానికే ఈ పొడుగు రాత.

ముందు మన జౌగడ సంగతి. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉంది. జౌ అంటే లక్క. లక్కతో కట్టిన కోట అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజానికది మట్టి కోట. లోపల రాతి మీద క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి శాసనాలున్నాయి. 1850లో వాటికి నకలు తీసినవాడు వాల్టర్ ఇలియట్, మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించినవాడూ ఆయనే. గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఒరిస్సాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న కదా.

ఆ శాసనాల్లో రెండు కళింగం కోసం ప్రత్యేకంగా రాయించినవి. వాటిలో ఒకటి న్యాయాధికారులకు చేసిన హెచ్చరిక. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకూడదు, హింసించకూడదు. కోపం, తొందర, సోమరితనం ఉన్న అధికారి న్యాయం చేయలేడు. సారాంశం ఇది. నేరవిచారణ ఎలా జరగాలన్న మాట మన జిల్లాలోనే 2,200 ఏళ్ళకు పైగా రాతిమీద ఉందన్నమాట. జౌగడ వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేస్తాం గానీ ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

1956-57లో అదే జౌగడలో పురావస్తు శాఖ తరఫున దేబలా మిత్ర తవ్వకాలు జరిపారు. తర్వాత ఆ శాఖకి డైరెక్టర్ జనరల్ అయిన మొదటి మహిళ ఆవిడే. పురావస్తువాళ్ళ తవ్వకం మన పునాది తవ్వకం లాంటిది కాదు. మట్టిని పొరలు పొరలుగా తీస్తారు. చిన్న తాపీతో గీకుతారు, కుంచెతో దులుపుతారు, తీసిన మట్టిని జల్లెడ పడతారు. ఏ వస్తువు ఏ పొరలో, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో రాసుకుని, కొలిచి, ఫొటో తీశాకే కదుపుతారు. వస్తువు కన్నా అది ఉన్న చోటు ముఖ్యం. చోటు తెలియని వస్తువు, తేదీ లేని ఉత్తరం లాంటిది.

ఈ పద్ధతే నేర దర్యాప్తుకీ పనికొస్తుంది. ఒకసారి తవ్విన గొయ్యి ఎంత బాగా పూడ్చినా మునుపటిలా కాదు. పై మట్టి, కింది మట్టి కలిసిపోతాయి. కొత్తలో గుల్లగా ఉండి, వానలు పడేకొద్దీ కుంగుతుంది. దానిమీద గడ్డి చుట్టుపక్కల గడ్డి కన్నా వేరుగా పెరుగుతుంది. గొయ్యిలో ఒక నాణెం దొరికితే, ఆ నాణెం అచ్చయిన సంవత్సరానికి ముందు ఆ గొయ్యి పూడ్చి ఉండరు. ఇవన్నీ ఎవరినీ కొట్టకుండా దొరికే సాక్ష్యాలు.

మన చట్టంలో దీనికి దగ్గరి విషయం ఒకటుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. కానీ ముద్దాయి మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు మాత్రం చెల్లుతుంది. ఆ హద్దు గీసింది మన గుంటూరు నుంచి లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన హత్యకేసే, 1946 నాటి పులుకూరి కోటయ్య కేసు. "ఈటె దాచిన చోటు చూపిస్తాను" అన్న మాట చెల్లుతుంది, "దానితో పొడిచాను" అన్నది చెల్లదు. ఈనాటికీ కోర్టులు ఆ తీర్పునే చెబుతాయి. అయితే ఒక అనుమానం మిగులుతుంది. ఆ వస్తువు నిజంగా ఆరు నెలలుగా అక్కడే ఉందా, లేక నిన్న ఎవరైనా పెట్టారా? దానికి జవాబు మట్టిలోనే ఉంటుంది. పైన వేళ్ళు అల్లుకున్నాయా, మట్టి కుంగిందా అని చూసి తవ్వితే తెలుస్తుంది. పలుగుతో ఒక్క పోటు పొడిస్తే పోతుంది.

పద్ధతి లేకుండా తవ్వితే ఏమవుతుందో అజ్నాలా చెబుతుంది. 1857లో లాహోర్ దగ్గర మియాన్‌మీర్ నుంచి పారిపోయిన 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు 282 మందిని అమృత్‌సర్ జిల్లా అజ్నాలాలో ఆగస్టు 1న చంపి బావిలో వేయించాడు డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్. కొందరిని కాల్చారు, కొందరు ఇరుకు గదిలో ఊపిరాడక పోయారు. మరుసటి ఏడాది ఆయనే ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నాడు. 2014లో స్థానికులు ఆ బావి తవ్వారు. వాళ్ళది మంచి ఉద్దేశమే, చచ్చిపోయినవాళ్ళకి గౌరవం చేద్దామనే. కానీ పురావస్తు నిపుణులు లేకుండా కొద్దిరోజుల్లోనే తీసేశారు. ఎముకలు విరిగాయి, ఒకరివి ఒకరివాటితో కలిసిపోయాయి. ఇవి సిపాయిలవి కావు, 1947 దేశ విభజన నాటివి అన్న వాదం కూడా వచ్చింది.

చివరికి దారి చూపించింది పళ్ళు. పంజాబ్ విశ్వవిద్యాలయం, మన హైదరాబాదు సీసీఎంబీ, లక్నో, కాశీ శాస్త్రవేత్తలు కలిసి 50 నమూనాలకి డీఎన్ఏ, 85 నమూనాలకి ఐసోటోపు పరీక్షలు చేశారు. చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు పంటిలో ఉండిపోతుంది. వాళ్ళు పంజాబు ప్రాంతం వాళ్ళు కారు, గంగా మైదానం వాళ్ళని 2022లో ప్రకటించారు. సిపాయిలన్న మాటకి బలం వచ్చింది. కానీ ఏ ఎముక ఎవరిది, ఎవరి పక్కన ఎవరున్నారు అన్నవి మళ్ళీ తెలియవు. బావి ఒక్కసారే మాట్లాడుతుంది.

అర్జెంటీనాలోనూ ఇంతే. 1976-83 సైనిక పాలనలో మాయమైనవాళ్ళ గోతుల్ని మొదట బుల్డోజర్లతో తవ్వి ఎముకలు కలిపేశారు. 1984లో క్లైడ్ స్నో అనే అమెరికన్ వెళ్ళి విద్యార్థులకి తాపీ, కుంచె పట్టడం నేర్పాకే తల్లులకి తమ బిడ్డలు దొరకడం మొదలైంది.

ఇప్పుడు మన పునాది సంగతికొద్దాం. ఆ ఎముకల కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమో, మనకి తెలియదు. అందుకే సభ్యులకి ఒక మనవి. తవ్వకంలో ఎముకలు కనబడితే పని ఆపండి. తీయకండి, కడగకండి, కప్పేయకండి. దూరం నుంచి ఫొటో తీసి పోలీసులకి చెప్పండి. పూడ్చిన శవాన్ని తీయించే అధికారం చట్టప్రకారం మేజిస్ట్రేటుది. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు చోటుకి రావాలంటోంది. నాణేలో నిధో దొరికితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకి తెలపాలి.

రెండ్రోజులు పని ఆగితే ఖర్చే. మేమూ ఇళ్ళు కట్టినవాళ్ళమే, ఆ బాధ తెలుసు. కానీ ఆ మట్టి కింద ఉన్నవాళ్ళకి చెప్పుకోడానికి ఆ మట్టి తప్ప ఇంకేమీ లేదు. వచ్చే సమావేశంలో దీని గురించి మాట్లాడుకుందాం. మేస్త్రీలని కూడా పిలుద్దాం.