హాస్యనాటకంలో అబద్ధం, కరువుసీమలో అబద్ధం

అనంతపురంలో నా తరగతిలో ‘కన్యాశుల్కం’ పాఠం నడుస్తూండగా వొక విద్యార్థిని లేచి అడిగింది: “గిరీశం అబద్ధమాడితే మోసగాడంటారు. కరటకశాస్త్రి అబద్ధమాడితే మంచివాడంటారు. యిదెక్కడి న్యాయం సార్?” మన విమర్శకులు చాలామంది గిరీశం వాక్చాతుర్యాన్ని మెచ్చుకుని, యీ ప్రశ్న దగ్గరికి రాకుండానే ఆగిపోయారు. నేనూ ఆగిపోయినవాణ్ణే.

1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శింపబడి, 1909లో గురజాడ చేతిలో కొత్త రూపు పొందిన యీ నాటకంలో నిజం చెప్పి నెగ్గుకొచ్చేవాడు దాదాపు లేడు. కరటకశాస్త్రి వృత్తిరీత్యా సంస్థానంలో విదూషకుడి వేషం కట్టేవాడు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మకుండా ఆపడానికి, శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలివాడికే పెళ్ళికూతురుగా అంటగడతాడు. పిల్ల దక్కింది, ప్రేక్షకుడు నవ్వాడు. అయితే కథ అక్కడితో ముగియలేదు. మాయమైన పెళ్ళికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది. మంచి అబద్ధానికి కూడా గురజాడ ఖరీదు కట్టాడన్నమాట. ఆ చిక్కు విప్పిన మధురవాణి కూడా మగవేషం వేసుకునే రావలసివచ్చింది.

కనుక వుద్దేశం మంచిదైతే చాలునన్నది జవాబు కాదు. అగ్నిహోత్రావధాన్లు కూతుర్ని అమ్మడం ఆ సంఘం దృష్టిలో మోసం కాదు, ఆచారం. అమ్ముడుపోయే పిల్ల మాట అడిగే నాథుడు లేడు. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్నదే అసలు సమస్య. మాట చెల్లనివాళ్ళకు వేషం తప్ప గత్యంతరం లేదు.

యీ సంగతి మా సీమ జనానికి గురజాడ చెప్పనక్కరలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో యిప్పటికీ తోలుబొమ్మలాటగాళ్ళున్నారు. (2022లో ఆ వూరు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. బొమ్మలకు ఆ సంగతి తెలియదు.) రామాయణం నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూసుకొస్తారు. బొంకుతారు, తన్నులు తింటారు, మళ్ళీ బొంకుతారు. రాముడు పద్యం పాడితే వీళ్ళు మా వూరి మాట మాట్లాడతారు. తెరముందు కూచున్న కూలివాడు దేవుడికి దణ్ణం పెడతాడు గాని, తనవాడని నవ్వేది పోలిగాణ్ణి చూసే.

ఆ కూలివాడి తాతముత్తాతల మాట ప్రభుత్వం దగ్గర ఎలా చెల్లిందో 1876-78 కరువు చెబుతుంది. అనంతపురం అప్పటికింకా జిల్లా కాలేదు. 1882 దాకా బళ్ళారిలో భాగమే. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. మూడేళ్ళ కిందట బీహారు కరువులో ధారాళంగా తిండిగింజలు తెప్పించి జనాన్ని బతికించినవాడూ యీయనే. దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. యీసారి పొదుపు నేర్చుకుని వచ్చాడు. నిజంగా అవసరం లేనివాళ్ళు సహాయపు పనుల్లో చేరారని శంకించాడు. రోజంతా మట్టి మోసినవాడికి వొక పౌను ధాన్యం, పైన వొక అణా చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఆ తిండితో కష్టజీవి బతకలేడని పట్టుబట్టి వాదించాక గాని కూలి పెరగలేదు. ఆలోగా బక్కచిక్కిన దేహాలే సాక్ష్యం చెప్పవలసివచ్చింది. ఆకలిని నమ్మడానికి సర్కారుకు డాక్టరు కావాలి. ఆకలి అబద్ధమనడానికి మాత్రం ఏ రుజువూ అక్కరలేకపోయింది. ఆ తర్వాత 1880 నాటి కరువు కమిషను చాకిరీనే పరీక్షగా పెట్టింది: పనికి వొప్పుకుంటేనే ఆకలి నిజం. గిరీశం బొంకులు వీటి ముందు ఏపాటివి?

పరీక్షలో ఆ అమ్మాయి జవాబుకు బదులు తండ్రి సంగతి రాసింది. ఎండిన వేరుసెనగ చేను చూడటానికి వొక అధికారి వచ్చాడట. తండ్రి ఆయన్ను కాస్త పచ్చగా వున్న గెనెం వైపు పోనీయకుండా, పూర్తిగా మాడిపోయిన మూలకు తీసుకువెళ్ళాడట. తక్కిన చేనూ ఎండిందే, కాని చూసేవాడికి ఆ కాస్త పచ్చే కనబడుతుందని ఆయన భయం. “యిది ఎవరి అబద్ధం సార్?” అని కింద రాసింది. మార్కులు వేయడానికి చేయి ఆడలేదు. మర్నాడు తరగతిలో దాన్ని చదివించాను. పిల్లలు పగలబడి నవ్వారు. వెనక బెంచీలో యిద్దరు మాత్రం నవ్వలేదు.