వేప రసాయనాల పరిశోధన

వేప గింజ, నూనె, ఆకు, బెరడుల్లోని సహజ పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణాన్నీ గుణాన్నీ పరీక్షించిన చరిత్ర ఇది. ధాన్యం గాదెలో వేపాకు వేయడం, వేపపుల్లతో పళ్లు తోముకోవడం తెలుగువారికి తరతరాల అలవాటు. ఆ గుణాలకు మూలమైన పదార్థాలేమిటో మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో గానీ తేలడం మొదలుకాలేదు.

తొలి గట్టి అడుగు రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీది. జర్మనీలో చదివి వచ్చి, ఢిల్లీలో యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో యునానీ మూలికలను పరిశోధించిన ఆయన, సర్పగంధి వేరులో దొరికిన పదార్థానికి హకీం పేరు మీదే అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1942లో వేపనూనెను ఈథర్, ఇథైల్ ఎసిటేట్, పలుచని ఆల్కహాల్ వంటి ద్రావణులతో విడదీసి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే మూడింటిని బయటపెట్టారు. నింబిన్ 205 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే స్ఫటికం. నింబిడిన్ మీగడ రంగు పొడి, గంధకం కలిసినది. ఆయన వెతికింది మందు కోసం. వేపలో అన్నిటికన్నా పేరుపొందిన పదార్థం ఆ వెతుకులాటలో దొరకలేదు; దాన్ని పట్టిచ్చింది మిడత.

1959లో సూడాన్‌లో మిడతల దండు చెట్లన్నీ మోడు చేసి వేపను మాత్రం వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ గమనించారు. 1962లో ఢిల్లీలో ఎస్. ప్రధాన్ వేపపప్పు నూరి నీళ్లలో కలిపి పైరుపై చల్లించగా, దండు వాలినా ఆ పైరు మిగిలింది. 1968లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ చక్కెర నీటిలో తడిపిన వడపోత కాగితాలను ఎడారి మిడతల ముందు పెట్టారు. వేపగింజ సారంలోని ఏ భాగం పూసిన కాగితాన్ని మిడత ముట్టదో, ఆ భాగాన్నే మళ్లీ మళ్లీ విడదీస్తూ అజాడిరక్టిన్‌ను చేరుకున్నారు. ఖరీదైన యంత్రాల కన్నా ఈ పరీక్షే తెలివైనదనాలి.

అజాడిరక్టిన్ నిర్మాణం తేలడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 1975లో కోజి నకనిషి బృందం ప్రతిపాదించిన నమూనాను 1985 నుంచి వచ్చిన పరిశోధనలు సరిదిద్దాయి. కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందం ప్రయోగశాలలో దాన్ని పూర్తిగా తయారు చేసింది 2007లో. అందుకు 22 ఏళ్లు శ్రమించింది.

ఈలోగా తగాదా ఒకటి నడిచింది. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతిపై అమెరికన్ కంపెనీ డబ్ల్యూ.ఆర్. గ్రేస్, అమెరికా వ్యవసాయ శాఖలకు 1994లో యూరప్ పేటెంటు దక్కింది. పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ తదితరులు అభ్యంతరం చెప్పగా 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలూ వీగిపోయింది.

ఎండకు అజాడిరక్టిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. 5 కిలోల వేపగింజల పొడితో 100 లీటర్ల కషాయం చేసే రైతులకు సాయంత్రం పూట చల్లమని చెప్పేది అందుకే. కృత్రిమ తయారీ మరీ సుదీర్ఘమైనది కావడంతో, మార్కెట్లోని అజాడిరక్టిన్ ఇప్పటికీ వేపగింజ నుంచే వస్తోంది.