రొట్టెలో రాయి: కుల్లెర్వో కథ, ఒక హెవీ మెటల్ ఆల్బమ్

డ్యూటీలో పడి ఈ వారం ఎపిసోడ్ మిస్సయినోళ్లు, డేటా అయిపోయినోళ్లు ఇక్కడ చదువుకోండి. మాట్లాడినదాన్నే కొంచెం సర్ది రాశాను.

ముందే చెప్తున్నా, నాకు హెవీ మెటల్ సంగీతం తెలియదు. ఐటీఐలో నేను చదివింది డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. మెటల్ అంటే నాకు రీబార్, స్కఫోల్డింగ్ పైపు, అంతే. కానీ పోయిన ఎండాకాలం మా సైట్‌లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ కథ దాకా తీసుకొచ్చింది.

మా గ్యాంగ్‌లో ఒక పిల్లోడు ఉన్నాడు, షట్టరింగ్ హెల్పర్. పేరు వద్దు, మా కరీంనగర్ దిక్కే. ఒకరోజు గోడ షట్టరింగ్ విప్పబోతే ప్యానెల్ రాదు. చూస్తే, నాలుగు మేకులు కొట్టాల్సిన చోట పది పన్నెండు కొట్టి ఉన్నాయి, తలలు కూడా లోపలికి దిగిపోయాయి. ప్లైవుడ్ మొత్తం చీల్చి తీయాల్సి వచ్చింది. ఎవర్రా ఇదంటే పిల్లోడు ముందుకొచ్చాడు. "గట్టిగా కొట్టమన్నది నువ్వే కదా అన్నా" అన్నాడు. మొహంలో ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ రాత్రి క్యాంపులో మెట్ల మీద కూర్చుని ఏదో వింటున్నాడు. ఏందిరా అంటే ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. మొదట కాంక్రీట్ బ్రేకర్ నడిచినట్టు అనిపించింది. మధ్యలో ఒక్కసారిగా అదే మనిషి మామూలు గొంతుతో, చాలా బాధగా పాడాడు. "ఇది కుల్లెర్వో కథ అన్నా. అమ్ముడుపోయిన పనోడి కథ" అన్నాడు పిల్లోడు.

ఆ ఆల్బమ్ పేరు ఎక్లిప్స్. 2006లో వచ్చింది. చేసినవాళ్లు అమోర్ఫిస్, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 1990లో మొదలైన బ్యాండ్. ఆ రెండు గొంతులూ టోమి యోవుట్సెన్ అనే ఒక్క గాయకుడివే, ఆ బ్యాండ్‌లో ఆయనకు అదే మొదటి ఆల్బమ్. పాటలన్నీ ఒకే కథ మీద నడుస్తాయి. మాటలకు ఆధారం ఫిన్లాండ్ కవి పావో హావిక్కో రాసిన కుల్లెర్వో నాటకం. ఆ నాటకానికి ఆధారం కాలేవాలా.

కాలేవాలా అంటే ఫిన్లాండ్ వాళ్లకు మనకు రామాయణ భారతాల్లాంటిది. కానీ పుస్తకంగా దాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. ఫిన్లాండ్ 1809 దాకా స్వీడన్ కింద ఉండేది, ఆ తర్వాత రష్యా జార్ చేతికి పోయింది. ఆఫీసుల్లో, కాలేజీల్లో స్వీడిష్ నడిచేది. ఊళ్లో జనం మాట్లాడే ఫిన్నిష్‌కు కుర్చీ లేదు. అప్పుడు ఎలియాస్ లోన్‌రోట్ అనే ఒక దర్జీ కొడుకు కష్టపడి చదివి డాక్టరయ్యాడు. కయానీ అనే చిన్న ఊళ్లో ఉద్యోగం. వీలు దొరికినప్పుడల్లా కరేలియా ఊళ్లకు నడిచి, పడవ మీద, మంచులో స్కీల మీద పోయి, చదువురాని రైతులు పాడే పాత పాటలు రాసుకున్నాడు. మన ఒగ్గు కథ చెప్పేవాళ్ల దగ్గర కూర్చుని ఎవరైనా రాసుకున్నట్టు అనుకోండి.

వాటిని వరసగా కుట్టి 1835లో మొదటిసారి అచ్చు వేశాడు. ఇంకా సేకరించి 1849లో పెద్ద పుస్తకం తెచ్చాడు: 50 పాటలు, 22,795 పాదాలు. కుల్లెర్వో కథ పూర్తిగా పెరిగింది ఈ రెండో దాంట్లోనే, 31 నుంచి 36 వరకు. మా భాషకూ ఇంత కథ ఉందని ఫిన్లాండ్ జనం తల ఎత్తారు. 1917లో స్వతంత్రం వచ్చేనాటికి ఈ పుస్తకం వాళ్ల ఇళ్లలో మనిషైపోయింది.

ఇక కథ. కలెర్వో, ఉంటమో అన్నదమ్ములు. చేపల వల దగ్గర, చేను దగ్గర మొదలైన తగువు పెరిగి, ఉంటమో మనుషులు కలెర్వో ఇంటిని నాశనం చేస్తారు. గర్భిణిని ఒకామెను ఎత్తుకుపోతారు. ఆమెకు పుట్టినవాడే కుల్లెర్వో. పగవాడి ఇంట్లో పెరుగుతాడు. నీళ్లలో వేసినా, నిప్పులో వేసినా, ఉరి వేసినా చావడు. సరే, పని చేయించుకుందాం అనుకుంటారు. దడి కట్టమంటే అడవి చెట్లను చెట్లుగా పాతి, ఆకాశమంత ఎత్తు దడి కడతాడు, లోపలికి పోవడానికి దారి ఉండదు. ధాన్యం నూర్చమంటే పొట్టూ గింజా కలిపి పిండి చేస్తాడు.

ఇక్కడ నేను ఆగిపోయాను. దారి లేని దడి. పది పన్నెండు మేకులు.

పని రాక కాదు, కోపం ఉన్నవాడి చేతిలో పని అట్లా అవుతుంది.

తర్వాత ఉంటమో అతన్ని ఇల్మరినెన్ అనే కమ్మరికి అమ్మేస్తాడు. ధర ఎంత? పగిలిన కెటిళ్లు, అరిగిన కొడవళ్లు, పారలు. స్క్రాప్ కింద లెక్క. ఈ ఇల్మరినెన్ మామూలోడు కాదు, ఆకాశపు కప్పును సుత్తితో కొట్టి చేసిన మేస్త్రీ. అంత గొప్ప మేస్త్రీ ఇంట్లోనే పనోడికి అన్యాయం జరుగుతుంది. ఇల్మరినెన్ భార్య అతన్ని పశువులు కాయడానికి పంపుతూ, రొట్టెలో రాయి పెట్టి కాలుస్తుంది. ఆకలేసి కోయబోతే కత్తి విరుగుతుంది. నాన్న గుర్తుగా మిగిలింది ఆ కత్తి ఒక్కటే.

అప్పుడు కుల్లెర్వో ఎలుగుబంట్లను, తోడేళ్లను ఆవుల రూపంలో ఇంటికి తోలుకొస్తాడు. ఆమె చస్తుంది. ఆ తర్వాత అన్నీ చెడే: తప్పిపోయిన చెల్లెలని తెలియక చేసిన ఘోరం, ఉంటమో మీద పగ తీర్చుకోవడం, చివరికి తన కత్తి మీద తానే పడి చావడం. చిన్నప్పుడు చెడ్డగా పెంచిన పిల్లవాడికి పెద్దయినా బుద్ధి నిలవదని ముసలి వైనమొయినెన్ అంటాడు. తప్పు అతనిది కాదని కథ చెప్పదు. కానీ తప్పు ఎక్కడ మొదలైందో దాచదు.

ఈ కథ ఫిన్లాండ్ వాళ్లను వదల్లేదు. 1892లో సిబేలియస్ దీన్ని పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించాడు. 1899లో రష్యా పట్టు బిగుస్తున్నప్పుడు గాలెన్-కల్లేలా పిడికిలి ఎత్తిన కుల్లెర్వో బొమ్మ వేశాడు. 2006లో గిటార్లు వచ్చాయి.

ఇంతకీ ఆ పిల్లోడికి కోపం ఎందుకు? మేకుల సంగతికి ఒక వారం ముందు, పని వేళలో నీడలో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడని నేనే సగం రోజు కోసేశాను. ఇంటి నుంచి వాళ్ల నాన్నను ఆసుపత్రిలో చేర్చారని వచ్చిన ఫోన్ అది. చెప్పబోయాడు, నేను వినలేదు. నేను కూడా హెల్పర్‌గానే వచ్చినోణ్ణి. నా వీసా రేటు నేను విన్నోణ్ణి. అయినా రాయి పెట్టింది నేనే.

మర్నాడు టైమ్‌షీట్ సరిచేయించాను. "తప్పైంది తమ్మీ" అన్నాను. "సరే అన్నా" అన్నాడు, అంతే. వాళ్ల నాన్న ఇప్పుడు బాగున్నాడు. పిల్లోడు నాతో ఇంకా మునుపటిలా మాట్లాడడు. అది నేను సంపాదించుకోవాల్సింది.

సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు వింటుంటే ఒక్క మాట. పని చెడిపోయినప్పుడు మేకులు లెక్కపెట్టే ముందు, ఆ పిల్లోడి టిఫిన్‌లో మనం ఏం పెట్టామో గుర్తు తెచ్చుకోండి. మీకూ ఇట్లాంటి సంగతి ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే శుక్రవారం కలుద్దాం. నీళ్లు తాగండి, జాగ్రత్త.