స్పోర్ట్స్ కారుకీ ఉత్తరానికీ రేస్ పెడితే? 240 ఏళ్ల పోస్టల్ స్పీడ్ కథ

ఈరోజు ఒక పిచ్చి ప్రశ్నతో స్టార్ట్ చేద్దాం. మీ దగ్గర ఒక పోర్షే ఉంది. మీ ఫ్రెండ్ దగ్గర ఒక కవర్, దాని మీద ఒక స్టాంప్ ఉన్నాయి. ఇద్దరూ ఒకే టైమ్‌కి ఒకే ఊళ్లో బయల్దేరారు. మీరు కారెక్కారు, వాడు కవర్‌ని పోస్ట్ డబ్బాలో వేసి ఇంటికెళ్లి పడుకున్నాడు. దేశం అవతలి చివరికి ముందు ఎవరు చేరతారు?

ఇది నిజంగా చేసి చూశారు. బీబీసీ వాళ్ల 'టాప్ గేర్' షోలో పోర్షే పనమెరాకీ బ్రిటన్ పోస్టల్ సర్వీస్ రాయల్ మెయిల్‌కీ రేస్ పెట్టారు. ఇంగ్లండ్ నైరుతి మూలన సముద్రంలో ఉన్న సిల్లీ దీవుల నుంచి స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న ఆర్క్‌నీ దీవుల దాకా. ఎవరు గెలిచారో నేను చెప్పను, చూసుకోండి, సరదాగా ఉంటుంది. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది వేరే విషయం. అసలు ఇది రేస్ ఎలా అయింది? ఉత్తరానికి ఇంజన్ లేదు, డ్రైవర్ లేడు. డబ్బాలో గంటల తరబడి ఊరికే కూర్చుంటుంది. అలాంటిది పోర్షేతో పోటీకి ఎలా నిలబడగలిగింది?

దీనికి జవాబు కావాలంటే 1784కి వెళ్లాలి.

అప్పట్లో బ్రిటన్‌లో ఉత్తరాలు మోసేది పోస్ట్ బాయ్స్. గుర్రం మీద ఒక్కడే, సంచి తగిలించుకుని వెళ్లేవాడు. దారిలో దొంగలు పడితే అంతే సంగతులు. బ్రిస్టల్ నుంచి లండన్‌కి సుమారు 190 కిలోమీటర్లు. ఉత్తరం చేరడానికి 38 గంటల దాకా పట్టేది. అంటే గంటకి 5 కిలోమీటర్లు, మనం నడిచే స్పీడ్ అన్నమాట.

బాత్ అనే ఊళ్లో జాన్ పామర్ అని ఒకాయన ఉండేవాడు. పోస్టాఫీసుతో ఏ సంబంధం లేదు, ఆయనకి నాటకాల థియేటర్లు ఉన్నాయి. బాత్‌లో ఒకటి, బ్రిస్టల్‌లో ఒకటి. నటుల్నీ సెట్టింగుల్నీ అటూ ఇటూ బండ్ల మీద ఫాస్ట్‌గా తిప్పడం ఆయనకి రోజూ పని. నా నటులు ఇంత తొందరగా వెళ్తుంటే ఉత్తరాలకేమైంది అని ఆయన డౌట్. పోస్టాఫీసు పెద్దలకి చెప్తే, ఇంతకంటే ఫాస్ట్‌గా కుదరదు పొమ్మన్నారు. ఆఫీసులో జూనియర్ ఐడియా చెప్పినప్పుడు సీనియర్ల ముఖాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి, సేమ్ అదే. కానీ ప్రధాని విలియం పిట్ సరే ట్రై చేయమన్నాడు. ఖర్చు మాత్రం పామర్‌దే.

1784 ఆగస్టు 2, సాయంత్రం 4 గంటలకి బ్రిస్టల్‌లో బండి బయల్దేరింది. మర్నాడు పొద్దున 8కల్లా లండన్. 16 గంటలు! అవే రోడ్లు, అవే గుర్రాలు. మరి మారిందేంటి?

ఇక్కడ కొంచెం ఆగుదాం, మొత్తం కథకి గుండెకాయ ఇదే. పామర్ గుర్రాన్ని స్పీడ్ చేయలేదు, ఆగడాన్ని తగ్గించాడు. సుమారు ప్రతి 16 కిలోమీటర్లకీ ఫ్రెష్ గుర్రాలు రెడీగా ఉండేవి. బండి ఆగగానే పాతవి విప్పి కొత్తవి కట్టేసేవారు. తర్వాత రోజుల్లో ఈ పని నిమిషం అటూ ఇటూగా అయిపోయేది, ఫార్ములా వన్ పిట్ స్టాప్ లాగా. రోడ్డు మీద టోల్ గేట్లు ఉండేవి, కానీ మెయిల్ కోచ్‌కి టోల్ లేదు. గార్డ్ దూరం నుంచే కొమ్ము బూర ఊదేవాడు, బండి వచ్చేసరికి గేటు తీసి ఉండాలి. మన ఫాస్టాగ్ కంటే బెటర్ అని నా ఒపీనియన్.

ఆ గార్డ్ గురించి చెప్పాలి. ఎర్ర కోటు, చేతికందేలా ఒక తుపాకీ, రెండు పిస్టళ్లు. బండి కాంట్రాక్టర్‌ది, గుర్రాలు కాంట్రాక్టర్‌వి, గార్డ్ ఒక్కడే పోస్టాఫీసు ఉద్యోగి. ఉత్తరాల పెట్టె మీద కాళ్లు పెట్టుకుని వెనక ఒంటరిగా కూర్చునేవాడు. అతని దగ్గర తాళం వేసిన కేసులో ఒక గడియారం ఉండేది. తాళం ఎందుకంటే, లేట్ అయితే ముల్లు వెనక్కి తిప్పేస్తాడేమో అని! ఇంకో గమ్మత్తు. అప్పట్లో ప్రతి ఊరికీ దాని సొంత టైమ్. సూర్యుడి లెక్కన బ్రిస్టల్ లండన్ కంటే 10 నిమిషాలు వెనక. అందుకని బండి తూర్పుకి పోతుందా పడమరకి పోతుందా అన్నదాన్ని బట్టి గడియారాన్ని కొంచెం ఫాస్ట్‌గానో స్లోగానో నడిచేలా ముందే సెట్ చేసి ఇచ్చేవారు. టైమ్ జోన్ బగ్స్‌తో రాత్రుళ్లు కుస్తీ పట్టిన వాళ్లెవరైనా ఇది వింటుంటే, మీ బాధ 200 ఏళ్ల నాటిది.

1830లకి వచ్చేసరికి 'క్విక్‌సిల్వర్' అనే కోచ్ లండన్ నుంచి డెవన్‌పోర్ట్‌కి 216 మైళ్లు, అంటే దాదాపు 350 కిలోమీటర్లు, 21 గంటల చిల్లరలో కొట్టేసేది. ఏ జమీందారు సొంత బండికీ అంత సత్తా లేదు. ఎందుకంటే జమీందారు గుర్రాలు అలిసిపోతాయి, ఆయనకి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. మెయిల్ మాత్రం చేతులు మారుతూ పోతుంది. మీ ఫోన్‌లో మెసేజ్ ఒక రౌటర్ నుంచి ఇంకో రౌటర్‌కి ఎలా దూకుతూ పోతుందో సరిగ్గా అలాగే. ఏ ఒక్క రౌటరూ మొత్తం దూరం ప్రయాణం చేయదు కదా.

ఎంత గ్యాప్ లేకుండా నడిచేదో చెప్పడానికి ఒక సంఘటన. 1816 అక్టోబర్ 20 రాత్రి, లండన్ వెళ్తున్న ఎక్సెటర్ మెయిల్ కోచ్ మీద సాల్స్‌బరీ దగ్గర ఒక ఆడ సింహం దూకింది. అవును, ఇంగ్లండ్‌లో సింహం! ఊరూరా తిరిగే జంతు ప్రదర్శన నుంచి తప్పించుకుంది. ముందున్న గుర్రాన్ని పట్టుకుంది. ప్యాసింజర్లు పక్కనే ఉన్న సత్రంలోకి పరిగెత్తి తలుపు గడియ పెట్టేసుకున్నారు. గార్డ్ తుపాకీ తీశాడు. ప్రదర్శన వాళ్లు వచ్చి, కాల్చొద్దు బాబూ మా సింహం అని మొత్తుకున్నారు. చివరికి ఒక ధాన్యపు కొట్టు కిందకి దూరిన సింహాన్ని వాళ్లే పట్టుకున్నారు. గుర్రం బతికింది. ఆ గుర్రాన్ని కూడా ప్రదర్శన ఓనరే కొనుక్కుని, "సింహం కరిచిన గుర్రం" అని టికెట్ పెట్టి చూపించాడు. కంటెంట్ క్రియేటర్ అంటే వాడు! ఇంత జరిగినా మెయిల్ లేట్ అయింది దాదాపు ముప్పావు గంట.

నవ్వుకున్నాం కదా. ఇప్పుడు ఇదే స్పీడ్‌కి ఇంకో వైపు చూద్దాం.

1831 ఫిబ్రవరి 1. స్కాట్లండ్‌లో డంఫ్రీస్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే మెయిల్ కోచ్. మాఫట్ అనే చిన్న ఊరు దాటాక మంచు తుఫానులో చిక్కుకుపోయింది. చక్రం కదలదు. గార్డ్ పేరు జేమ్స్ మెక్‌జార్జ్, డ్రైవర్ జాన్ గుడ్‌ఫెలో. ప్యాసింజర్లని ఆపేసి, వీళ్లు ఉత్తరాల సంచుల్ని గుర్రాల మీద వేసుకుని ముందుకి కదిలారు. కొంత దూరం పోయాక గుర్రాలూ నడవలేకపోయాయి. వాటిని వెనక్కి పంపేసి, సంచులు భుజాన వేసుకుని నడక మొదలుపెట్టారు. అంతకు ముందు ఒకసారి మంచు వల్ల ఆగిపోయినందుకు మెక్‌జార్జ్‌ని పోస్టాఫీసు మందలించిందనీ, మళ్లీ ఆ మాట పడకూడదనే ముందుకి వెళ్లాడనీ అక్కడ చెప్పుకుంటారు. తర్వాత వెతకడానికి వెళ్లిన వాళ్లకి ముందు సంచులు కనిపించాయి, దారి పక్కన గుంజకి గట్టిగా కట్టి. ఇద్దరి శవాలూ కొన్ని రోజులకి గానీ దొరకలేదు. ఇప్పటికీ అక్కడ రోడ్డు పక్కన వాళ్ల పేర్లతో ఒక రాయి ఉంది.

చచ్చిపోతున్న మనిషి సంచిని గుంజకి కట్టాడు. ఎందుకు? వెనక వచ్చేవాడికి కనిపించాలని. రిలేలో తన వంతు హ్యాండోవర్ పూర్తి చేశాడు. ఈ ఎపిసోడ్ రీసెర్చ్‌లో నన్ను కదలకుండా కూర్చోబెట్టిన పాయింట్ ఇదే. "పది నిమిషాల్లో డెలివరీ" అని నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ బైక్ మీద ఉన్న అన్నయ్యని ఎవరైనా మందలించారా అని మీరూ ఒకసారి ఆలోచించండి.

సరే, తర్వాత రైళ్లొచ్చాయి. 1830 నవంబర్‌లోనే లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య ట్రెయిన్‌లో ఉత్తరాలు వెళ్లాయి. ఇంకో పదిహేనేళ్లకి లండన్ నుంచి బయల్దేరే మెయిల్ కోచ్‌లు కనుమరుగయ్యాయి. కానీ నా దృష్టిలో అసలు జంప్ 1838. ఆ జనవరిలో బర్మింగ్‌హామ్, లివర్‌పూల్ లైన్ మీద గుర్రాల్ని తీసుకెళ్లే ఒక పెట్టెని మార్చి, దాంట్లో క్లర్కుల్ని కూర్చోబెట్టారు. బండి పరిగెడుతుంటే లోపల ఉత్తరాలు ఊర్ల వారీగా సార్ట్ అయిపోతున్నాయి. మామూలుగా అయితే ఉత్తరం ప్రయాణం చేయాలి, తర్వాత ఆగాలి, సార్ట్ అవ్వాలి. ఇక్కడ రెండు పనులూ ఒకేసారి. కోడింగ్ తెలిసిన వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్యారలల్ ప్రాసెసింగ్.

మరి చిన్న స్టేషన్ల సంగతి? ప్రతిచోటా ఆగితే స్పీడ్ పోతుంది. అందుకని ఆగడమే మానేశారు! పట్టాల పక్కన స్తంభానికి తోలు సంచి వేలాడదీసేవారు. బండి పక్క నుంచి ఒక వల బయటకి తెరుచుకుని, ఫుల్ స్పీడ్‌లో దాన్ని లాక్కునేది. అదే క్షణంలో బండిలోంచి వేలాడే సంచి కింద ఉన్న ఇంకో వలలో పడేది. లోపల ఉన్నవాళ్లు పక్కకి తప్పుకోకపోతే ఆ సంచి దెబ్బకి గోడకి అతుక్కుపోతారు. ఈ సిస్టమ్ బ్రిటన్‌లో 1971 దాకా నడిచింది. ఈ రైళ్ల మీద 1936లో 'నైట్ మెయిల్' అని పోస్టాఫీసు వాళ్లే ఒక సినిమా తీశారు. 1963లో ఫేమస్ గ్రేట్ ట్రెయిన్ రాబరీ జరిగింది కూడా ఇలాంటి బండి మీదే, 26 లక్షల పౌండ్లు పోయాయి.

మనకీ ఇది కొత్తేం కాదు. అలహాబాద్, కాన్పూర్ మధ్య 1863లోనే రైల్లో సార్టింగ్ మొదలైంది. విజయవాడ స్టేషన్‌లో 'ఆర్ఎంఎస్' అన్న బోర్డు చూసే ఉంటారు. రైల్వే మెయిల్ సర్వీస్ అంటే ఆ వంశమే.

ఇప్పుడు కారు వైపు వద్దాం. కారు గెలిచిన కేసు ఒకటి ఉంది, పోటీ రైలుతో. 1930 మార్చి. వుల్ఫ్ బార్నాటో అని బెంట్లీ కంపెనీ ఛైర్మన్, తనే రేసర్ కూడా, లె మాన్స్ గెలిచినవాడు. ఫ్రాన్స్ దక్షిణ తీరం నుంచి కలే రేవుకి పోయే లగ్జరీ రైలు 'బ్లూ ట్రెయిన్'. అది కలే చేరేలోపు నేను లండన్‌లో నా క్లబ్బులో ఉంటా అని 100 పౌండ్లు పందెం కాశాడు. కాన్ నుంచి సాయంత్రం బయల్దేరి రాత్రంతా వానలో, పొగమంచులో నడిపాడు. మర్నాడు పడవలో ఇంగ్లిష్ ఛానెల్ దాటి లండన్ చేరేసరికి, రైలు కలే చేరడానికి ఇంకా 4 నిమిషాలుంది!

కానీ ఒకటి గమనించండి. ఆయన ఒంటరిగా వెళ్లలేదు. డేల్ బోర్న్ అనే ఫ్రెండ్ పక్కనున్నాడు. దారిలో పెట్రోల్ ముందే ఏర్పాటు చేయించుకున్నాడు. ఆక్సెర్ దగ్గర ఆ పెట్రోల్ దొరక్క చీకట్లో వెతుక్కుంటూ టైమ్ పోగొట్టుకున్నాడు కూడా. అంటే రైలుని ఓడించడానికి ఆయనా ఒక మినీ పోస్టల్ సిస్టమ్ కట్టుకోవాల్సి వచ్చింది. పబ్లిక్ రోడ్ల మీద రేస్ చేసినందుకు ఫ్రాన్స్ వాళ్లు పందెం డబ్బుల కంటే ఎక్కువే ఫైన్ వేశారని చెప్తారు. ఇంకో ట్విస్ట్, ఈ రేస్ పేరుతో పెయింటింగ్‌లలో కనిపించే ఆ అందమైన కూపే కారు ఆ రోజుకి అసలు తయారే కాలేదు! ఆయన నడిపింది మామూలు సెలూన్. మరుసటి ఏడాదికి బెంట్లీ దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయింది.

రైళ్లలో సార్టింగ్‌ని బ్రిటన్ 2004 జనవరిలో ఆపేసింది. ఖర్చు ఎక్కువ, లారీలు విమానాలు చాలన్నారు. 2013లో రాయల్ మెయిల్ ప్రైవేట్ అయింది, 2024లో సొంత రైళ్లు కూడా వదిలేసింది. ఫస్ట్ క్లాస్ ఉత్తరాల్లో 93 శాతం మర్నాటికల్లా చేర్చాలన్న రూల్ ఉండేది. అది అందుకోలేక వరసగా ఫైన్లు కట్టింది. పోర్షేతో పోటీపడ్డ సర్వీస్ ఇదే. ఇప్పుడు మళ్లీ అదే రేస్ పెడితే నేనైతే కారు మీదే పందెం కాస్తా.

ఒక్కటి మాత్రం 1840 నుంచి మారలేదు. పక్క వీధికైనా ఆర్క్‌నీకైనా ఒకటే స్టాంప్.

ఆ వల సిస్టమ్ చూడాలనిపిస్తే, లాఫ్‌బరోలో గ్రేట్ సెంట్రల్ రైల్వే అని పాత రైళ్లు నడిపే లైన్ ఉంది, అక్కడ అప్పుడప్పుడు డెమో చేసి చూపిస్తారు. ఆన్‌లైన్‌లో వీడియోలు దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, సంచి పడే సౌండ్ మామూలుగా ఉండదు.