కృష్ణా డెల్టా దిగువన టెలికాం నియంత్రణ చరిత్ర

కృష్ణా నది సముద్రంలో కలిసే డెల్టాలో ఉన్న మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలకు తంతి, ఫోను, మొబైల్, ఇంటర్నెట్ సేవలు ఏ చట్టాల కింద అందాయో, వాటి భద్రతనూ పోటీనీ ఎవరు ఎలా అదుపు చేశారో ఈ వ్యాసం వివరిస్తుంది. చట్టాలన్నీ కేంద్ర స్థాయిలో తయారైనవే, దేశమంతటికీ ఒకటే. అయితే ఈ తీరంలో టెలికాం భద్రతకు మొదటి పరీక్ష పెట్టేది తుపాను. ప్రధాన టెలికాం చట్టం విపత్తును పేరుపెట్టి ప్రస్తావించడానికి మాత్రం 138 ఏళ్లు పట్టింది.

తంతి చట్టం, ఉప్పెన

1885 నాటి భారత తంతి చట్టం నాలుగో సెక్షన్ తంతి వ్యవస్థను ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద ఉంచింది. అత్యవసర సమయాల్లో లైన్లను స్వాధీనం చేసుకునే అధికారం, సందేశాలను ఆపే అధికారం ఐదో సెక్షన్ కింద వచ్చాయి. ఫోన్లను చాటుగా వినడానికి కూడా ఈ సెక్షనే ఆధారమైంది. దానికి కళ్లెం వేస్తూ సుప్రీంకోర్టు 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో రక్షణ నియమాలు విధించింది. ఈ చట్టం దృష్టిలో భద్రత అంటే ప్రధానంగా రాజ్యం భద్రతే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అసలు లోటును బయటపెట్టింది. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల మీదికి సముద్రం మైళ్ల కొద్దీ చొచ్చుకొచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. స్తంభాలు కూలి ఫోను, తంతి లైన్లు తెగడంతో ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. హెచ్చరిక అందించాల్సిన తీగ, సహాయం అడగాల్సిన తీగ ఒకటే. అది తెగితే రెండూ పోతాయి. తర్వాతి కాలంలో మచిలీపట్నంలో వాతావరణ శాఖ తుపాను రాడార్ వచ్చింది. 1980ల మధ్యలో ఆంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లోని ఎంపిక చేసిన చోట్లకు ఇన్సాట్ ఉపగ్రహం నుంచి స్థానిక భాషల్లో నేరుగా హెచ్చరికలు పంపే ఏర్పాటు మొదలైంది.

గుత్తాధిపత్యం నుంచి పోటీకి

ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసే రోజులు 1980ల చివర ఎస్టీడీ బూత్‌ల రాకతో తగ్గుముఖం పట్టాయి. 1994 జాతీయ టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొబైల్ లైసెన్సులు టాటా సెల్యులర్, జేటీ మొబైల్స్ సంస్థలకు దక్కాయి. మొదటిది ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 1997లో నియంత్రణ సంస్థ ట్రాయ్, 2000లో వివాదాల పరిష్కారానికి టీడీశాట్, అదే ఏడాది అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాయి. 2003 మే నుంచి వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పద్ధతి పోయింది. సామాన్యుడి చేతికి మొబైల్ రావడంలో ఈ మార్పుది పెద్ద పాత్ర. 2011 జనవరి నుంచి నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలు కలిగింది.

2016 సెప్టెంబరులో జియో ప్రవేశించాక డేటా ధరలు కుప్పకూలాయి, చాలా కంపెనీలు మూతపడటమో విలీనం కావడమో జరిగింది. ఇప్పుడు మిగిలినవి ప్రధానంగా నాలుగే. తమ నెట్‌వర్కులతో కలిసే చోట పాత కంపెనీలు చాలినన్ని లింకులు ఇవ్వడం లేదని జియో చేసిన ఫిర్యాదు ఒక పెద్ద ప్రశ్నను లేపింది: పోటీ వివాదాన్ని ట్రాయ్ తేల్చాలా, అన్ని రంగాల్లో పోటీని చూసే కాంపిటీషన్ కమిషనా? ముందు సాంకేతిక అంశాలను ట్రాయ్ తేల్చాలని, ఆ తర్వాతే కమిషన్ విచారణకు దిగాలని 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రాష్ట్రం 2014లో విడిపోయినా లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే సేవా ప్రాంతం (సర్కిల్). హైదరాబాద్ నగరాన్నీ, నాగాయలంక తీరాన్నీ కలిపి చూసే సర్కిల్ సగటులో తీర గ్రామాల లోటు కనపడదు.

కరెంటు స్తంభం మీది ఫైబర్

మార్కెట్ చేరని చోటికి ప్రభుత్వమే వెళ్లాలన్న ఆలోచనతో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను ఇవ్వడం దీని ప్రత్యేకత. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో ఖర్చు, సమయం కలిసొచ్చాయి. స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేర్చారు. ఈ పథకం ప్రైవేటు కంపెనీల ధరలకు గట్టి పోటీ అయింది. కానీ తుపాను గాలికి స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు ఫైబరూ పోతుంది. చౌకదనానికీ భద్రతకూ మధ్య ఈ లంకె డెల్టాలో తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

డిజిటల్ మార్కెట్లు

నెట్ చౌకయ్యాక పోటీ సమస్య తీగల నుంచి యాప్‌లకు మారింది. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించడంతో ఫేస్‌బుక్ ఉచిత ఇంటర్నెట్ పథకం ఆగిపోయింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌పై రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2024 నవంబరులో వాట్సాప్ గోప్యతా విధానంపై దాని మాతృసంస్థ మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా విధించింది. గుడివాడ కిరాణా కొట్లో స్కాన్ చేసే యూపీఐ చెల్లింపుల్లోనూ అత్యధిక భాగం రెండు యాప్‌ల చేతుల్లోనే ఉంది. ఏ యాప్‌కూ 30 శాతం మించకూడదన్న నిబంధన 2020లోనే వచ్చినా గడువు జరుగుతూనే ఉంది. ఐరోపా సమాఖ్య 2022లోనే డిజిటల్ మార్కెట్ల చట్టం చేసింది. మన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు 2024 మార్చిలో ముసాయిదాగా బయటికి వచ్చింది.

కొత్త చట్టం

కొత్త చట్టానికి ముందే, 2021 జూన్ 15 నుంచి నమ్మదగిన సంస్థల పరికరాలనే నెట్‌వర్కుల్లో కొత్తగా వాడాలన్న నిబంధన వచ్చింది. 1885 చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దీని ప్రకారం ఒకరి పేరిట తొమ్మిదికి మించి సిమ్‌లు ఉంటే మొదటిసారి రూ.50,000 వరకు జరిమానా. మోసంతో సిమ్ పొందితే మూడేళ్ల వరకు జైలు లేదా రూ.50 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. ఈ చట్టం కిందే 2024 నవంబరులో సైబర్ భద్రత నియమాలు వెలువడ్డాయి.

డెల్టాకు ముఖ్యమైనది ఈ చట్టం ఇరవయ్యో సెక్షన్. విపత్తు వేళ ప్రభుత్వం నెట్‌వర్కులను తాత్కాలికంగా చేతిలోకి తీసుకోవచ్చు, సహాయక సిబ్బంది సందేశాలకు ముందు దారి ఇప్పించవచ్చు. ఒక కంపెనీ టవరు పడిపోతే ఆ ప్రాంత వినియోగదారులు వేరే కంపెనీ సిగ్నల్ వాడుకునే ఏర్పాటు కూడా విపత్తుల్లో అమల్లోకి వస్తోంది.

ట్రాయ్ 2024 ఆగస్టు నాణ్యతా నిబంధనలు జిల్లాను కొలమానంగా తీసుకున్నాయి. 24 గంటలకు మించి పెద్ద ఎత్తున సేవలు ఆగితే వినియోగదారులకు రాయితీ ఇవ్వాలి. అయితే ప్రకృతి విపత్తు వల్ల ఆగితే ఇవ్వక్కర్లేదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది నర్సాపురం దగ్గర, మచిలీపట్నానికి పొరుగునే. ఇలాంటి తీరానికి ఆ మినహాయింపు సరిపడదు. టవరు దగ్గర బ్యాటరీ, డీజిల్ ఎన్ని గంటలకు సిద్ధంగా ఉంచాలో కోడూరు, నాగాయలంక మండలాల వారీగా నిర్ణయించి, ఆ లెక్కను జనానికి వెల్లడించాలి.