షెఫీల్డ్ కత్తికి తుప్పు వదిలిన కథ

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కలవారి ఇళ్లలో గిన్నెలు తోమడం ఒక పని, కత్తులు తోమడం వేరే పని. షెఫీల్డ్ నుంచి వచ్చే కత్తులన్నీ క్రోమియం కలవని మామూలు ఉక్కువి. పులుపు తగిలితే నల్లబడేవి, తడి నిలిస్తే ఎర్రబడేవి. వాటిని శుభ్రం చేయడానికే పెద్ద ఇళ్లలో ఒక కుర్రాణ్ని పెట్టుకునేవారు.

అతని చేతిలో ఉండేది బాత్ బ్రిక్. సోమర్సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ దగ్గర ప్యారెట్ నది ఒండ్రుతో అచ్చుపోసిన ఇటుక అది. 1823లో దానికి పేటెంటు వచ్చింది. దాన్ని గీకి, ఆ పొడిని తోలు పరిచిన పలక మీద చల్లి, కత్తిని రెండు వైపులా రుద్దేవారు. ఇనప కత్తిపీటకు ఇటుకపొడి పట్టించిన తెలుగు ఇళ్లకు ఇది కొత్తగా తోచదు. తర్వాత జార్జి కెంట్ సంస్థ యంత్రం వచ్చింది. గుండ్రటి చెక్కపెట్టె కంతల్లో కత్తులు దూర్చి, ఎమరీ పొడి పోసి, పిడి తిప్పితే లోపలి బ్రష్షులు రుద్దేవి. శ్రమ తగ్గింది, అరుగుదల తగ్గలేదు. తుప్పుతోపాటు ఉక్కూ పోయేది కాబట్టి ఏళ్లు గడిచేసరికి వెడల్పాటి కత్తి సన్నబడిపోయేది. వాడని కత్తులకు కొవ్వు రాసి కాగితంలో చుట్టేవారు. చేపలకూ పండ్లకూ వెండి కత్తులు వాడటంలో డాబు ఎంత ఉన్నా అవసరమూ ఉంది: నిమ్మరసం తగిలిన ఉక్కు తిండికి ఇనుము రుచి అంటించేది.

దీనికి విరుగుడు వంటింటి కోసం వెతికితే దొరికింది కాదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. 1913 ఆగస్టులో పోసిన ఒక ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూసేందుకు ఆమ్లం పూస్తే అది చెక్కుచెదరలేదు. వెనిగర్, నిమ్మరసం కూడా దాన్ని ఏమీ చేయలేకపోయాయి. కత్తుల ఊళ్లో పెరిగిన మనిషికి కత్తే గుర్తొచ్చింది.

బ్రియర్లీ యజమానులు ఆసక్తి చూపలేదు. మొదట ప్రయత్నించిన కత్తుల తయారీదారులు అది సాగదనీ, సాన పట్టదనీ తిప్పి పంపారు. తెగని కత్తులు కనిపెట్టినవాడని బ్రియర్లీని ఎగతాళి చేశారు. నిజానికి లోపం ఉక్కులో లేదు, పాత ఉక్కుకు అలవాటైన వేడితోనే దీన్నీ కాల్చడంలో ఉంది. మోస్లీ సంస్థలో ఎర్నెస్ట్ స్టువర్ట్ 1914లో సరైన పదును పెట్టి చూపాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆ ఉక్కు విమాన ఇంజన్ల వాల్వులకు మళ్లింది. భోజనాల బల్ల మీదికి అది విరివిగా చేరింది యుద్ధం ముగిశాకే.

ఈ స్టెయిన్‌లెస్ ఉక్కు గుట్టు క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కట్టే అతి పలుచని పొర. గీత పడినా అది తిరిగి కట్టుకుంటుంది. అయితే పదును నిలవాలంటే కార్బన్ కావాలి, ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనలోకి లాక్కుంటుంది. అందుకే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న చెంచా కంటే కత్తికి రక్షణ తక్కువ. ఉప్పునీళ్లలో నానితే స్టెయిన్‌లెస్ కత్తికైనా చిన్న చిన్న గుంటలుగా తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టే పని మాత్రం బ్రియర్లీ తర్వాత కూడా తప్పలేదు.