ఐర్లండు పోరాటము – తెలుగునాట దాని జాడలు

తిరువూరు నుండి ఖమ్మము దిక్కుగా కొలది మైళ్ళు పోయినచో ఒక సరిహద్దు వచ్చును. ఒకప్పుడు దానికి ఈవల ఆంగ్లేయుల ఏలుబడిలోని మద్రాసు రాజధాని, ఆవల నిజాము రాజ్యము. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో అది రెండు జిల్లాల నడిమి గీతగా మిగిలినది. 2014 జూన్ 2వ తేదీన ఇంచుమించు ఆ గీతయే మరల రెండు రాష్ట్రముల సరిహద్దైనది. పొలము ఈవలను, వియ్యము ఆవలను గల కుటుంబములు సరిహద్దనగా నేమో గ్రంథములు చదివి తెలిసికొనవలసిన పని లేదు. కావుననే ఐర్లండు చరిత్ర ఈ ప్రాంతమువారికి సులభముగా బోధపడును. ఆ దేశమును కూడ ఒక సరిహద్దు రెండుగా చేసినది. ఆ చీలికను గూర్చియు, దానికి ముందు వెనుకల జరిగిన పోరును గూర్చియు ఏమి జ్ఞాపకముంచుకొనవలెను, ఎవరి పేరు తలపవలెను అను తర్కము అచ్చట నూరేండ్లుగా సాగుచున్నది. ఆ కథలో మన తెలుగువారికిని కొంత పాలు కలదు.

ఐర్లండు ఇంగ్లండునకు పడమట నున్న ద్వీపము. వందల యేండ్లు ఆంగ్లేయుల పాలనలో నుండెను. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకినది. ఆ పిమ్మట వచ్చిన మహాక్షామమున సుమారు పది లక్షలమంది మరణించిరి; మఱి పది లక్షలమంది ఓడలెక్కి దేశాంతరము పోయిరి. ప్రజలు ఆకలితో నశించుచుండగనే ఆ దేశపు రేవులనుండి ధాన్యమును పశువులును ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. ధాత కరవు కథలను పెద్దల నోట వినిన మనకు ఇది క్రొత్తగా తోచదు.

ఆ దేశపు నాయకులలో చాలమంది మొదట కోరినది సంపూర్ణ స్వాతంత్ర్యము కాదు. తమ యింటి వ్యవహారములను తామే చక్కబెట్టుకొను హక్కు. దానికి హోంరూలు అని పేరు. 1914లో బ్రిటిషు పార్లమెంటు అందులకు శాసనము చేసెను గాని, అప్పుడే ఆరంభమైన ప్రపంచయుద్ధమును కారణముగా చూపి అమలును వాయిదా వేసెను. వేచియుండుటకు ఇష్టపడనివారు ఆయుధములు పట్టిరి. 1916 ఏప్రిల్ 24, ఈస్టరు పండుగ మరునాడు, వేయిమందికి పైబడిన స్వచ్ఛంద భటులు డబ్లిన్ నగరమున పెద్ద తపాలా కార్యాలయమును, మఱికొన్ని భవనములను ఆక్రమించిరి. పాట్రిక్ పియర్స్ అను ఉపాధ్యాయుడు ఆ కార్యాలయము ముందు నిలిచి స్వతంత్ర రిపబ్లికు ప్రకటనను చదివెను.

ఆరు దినములలో తిరుగుబాటు అణగినది. దానిలో సుమారు 485మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో సగమునకు పైగా ఏ పక్షమునకును చెందని సామాన్య పౌరులు. నగరవాసులు పెక్కుమంది తిరుగుబాటుదారులను మొదట నిందించిరి. కాని ప్రభుత్వము బందీలైన నాయకులను దినదినమును కొందరి చొప్పున కాల్చి చంపసాగెను. గాయముచే నిలువలేని కార్మిక నాయకుడు జేమ్స్ కొనలీని కుర్చీకి కట్టి కాల్చిరి. లండనులో ఉరితీయబడిన రోజర్ కేస్మెంటుతో కలిసి పదునార్గురు మరణశిక్షకు గురియైరి. రణరంగమున ఓడిన తిరుగుబాటు ఆ మరణములచేత ప్రజల మనస్సులలో గెలిచినది.

ఆ దినములలో డబ్లిన్ నగరమున ఒక తెలుగు విద్యార్థి యుండెను. ఆయన వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురమున జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు వెళ్ళెను. లండనులో భారతీయ విద్యార్థులపై ప్రభుత్వపు నిఘా హెచ్చుగా నుండిన కాలమది. ఆయన చేరిన కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించుచుండిన థామస్ మెక్‌డొనా ఈస్టరు ప్రకటనపై సంతకము చేసిన ఏడుగురిలో ఒకడు. మే 3వ తేదీన మరణశిక్షకు గురియైనవాడు. గిరిగారు ఐరిష్ ఉద్యమకారులతో సన్నిహితముగా మెలగెను. 1916 వేసవిలో బారిస్టరు పట్టము చేతికి వచ్చునప్పటికే దేశము విడిచిపొమ్మను ఉత్తర్వును వచ్చినదని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. స్వదేశమునకు వచ్చి రైల్వే కార్మికుల సంఘములకు నాయకత్వము వహించినప్పుడు, కొనలీ బోధించిన కార్మికోద్యమమునకును దేశ స్వాతంత్ర్యమునకును గల సంబంధము ఆయన మనస్సున నుండెననుట నిస్సంశయము. మాలపల్లి నవలాకర్తయైన ఉన్నవ లక్ష్మీనారాయణగారును డబ్లిన్‌లోనే బారిస్టరు చదువు చదివినవారు. ఆ నవల 1922లో వెలువడగా మరుసటి యేడు మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను.

మనవారు అటు పోయినట్లే అచ్చటివారు ఇటు వచ్చిరి. బెల్‌ఫాస్టులో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ 1915లో మద్రాసు చేరిరి. ఆయన అనిబిసెంటమ్మగారి 'న్యూ ఇండియా' పత్రికలో సహాయ సంపాదకుడుగా చేరెను. ఈస్టరు తిరుగుబాటులో మరణించిన కవులను కొనియాడుచు ఒక వ్యాసము వ్రాసినందున ఆయనకు ఆ కొలువు పోయినది. బిసెంటమ్మగారికి కూడ ఐరిష్ రక్తసంబంధము కలదు. ఐర్లండు మాటనే తీసికొని 1916 సెప్టెంబరులో హోంరూలు లీగును స్థాపించినది ఆమెయే. అయినను సాయుధ తిరుగుబాటును పొగడుట తన పత్రికకు తగదని ఆమె తలంచెను. ఒకే దేశాభిమానము గల ఇద్దరు ఒకే సంఘటనను రెండు విధముల చూచిరి.

కొలువు పోయిన కజిన్స్‌గారు రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడై, పిమ్మట ప్రిన్సిపాలైరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆయన అతిథిగా మదనపల్లెకు వచ్చి 'జనగణమన' పాడెను. దానిని ఆంగ్లమునకు అనువదించినది అచ్చటనే. సంగీతము తెలిసిన మార్గరెట్ ఆ పాట వరుసకు స్వరములు వ్రాసెను. ఆమె ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కొఱకు చెరసాలకు పోయిన వనిత. మన దేశమునను స్వాతంత్ర్యోద్యమ కాలమున చెర అనుభవించినది. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూసెను. జాతీయగీతము పాడునప్పుడు దాని చరిత్రలో డబ్లిన్ తుపాకుల మ్రోత కొంత కలిసియున్నదని తలచువారు అరుదు.

ఐర్లండులో 1916 తరువాత కథ వేగముగా నడిచినది. 1918 ఎన్నికలలో సిన్‌ఫీన్ పక్షమువారు 105 స్థానములలో 73 గెలిచి, లండను పోక డబ్లిన్‌లోనే తమ శాసనసభను జరిపిరి. రెండున్నర యేండ్ల గెరిల్లా యుద్ధము పిమ్మట 1921 డిసెంబరు 6న ఒప్పందము కుదిరినది. ఇరువదియారు కౌంటీలు స్వేచ్ఛారాజ్యమైనవి. ఉత్తరమందలి ఆరు కౌంటీలు బ్రిటనుతోనే నిలిచినవి. ఆ ఒప్పందముపై సంతకము చేసినవారిలో మైకేల్ కాలిన్స్ ముఖ్యుడు. దానిని త్రోసిపుచ్చినవాడు డివేలరా. శాసనసభ 64 ఓట్లకు 57 ఓట్ల తేడాతో దానిని అంగీకరించెను. కొలది నెలలలో నిన్నటి సహచరులు ఒకరినొకరు కాల్చుకొనిరి. 1922 ఆగస్టు 22న కాలిన్స్ తన సొంత జిల్లాలో, సొంత దేశీయుల గుండుచేత కూలెను. కొత్త ప్రభుత్వము తన దేశస్థులనే డెబ్బదిమందికి పైగా మరణశిక్షకు గురిచేసెను.

ఈ పోరంతటిలో జ్ఞాపకమునకు ఎక్కినది కొంతయే. 1966లో ఈస్టరు తిరుగుబాటు స్వర్ణోత్సవము ఘనముగా జరిగినది; డబ్లిన్‌లో అమరుల స్మృతివనము తెరచిరి. కాని అంతర్యుద్ధమును గూర్చి చాల ఇండ్లలో మాటయే లేదు. అన్న ఒక పక్షమునను, తమ్ముడు ఇంకొక పక్షమునను పోరాడిన యిండ్లలో మౌనమే మర్యాదయైనది. ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యములో పనిచేసిన సుమారు రెండు లక్షలమంది ఐరిష్‌వారి గతియు అదియే. వారి స్మారకోద్యానమును నిర్మించినది మన ఢిల్లీలో ఇండియాగేటును రచించిన లుట్యెన్స్. పని 1930లలో ముగిసినను, దానిని లాంఛనముగా అంకితమొనర్చినది 1988లో.

ఐర్లండువారు ఎల్లప్పుడు పీడితులే యనుకొనుటయు పొరపాటు. 1919 జలియన్‌వాలాబాగు హత్యాకాండ నాడు పంజాబు లెఫ్టినెంటు గవర్నరుగా నుండి దానిని సమర్థించిన మైకేల్ ఓడ్వయర్ ఐర్లండు బిడ్డయే. ఆ మరుసటి యేడు, 1920 జూనులో, జలంధరులోని ఐరిష్ పటాలమువారు తమ దేశమున బ్రిటిషువారు చేయు దౌర్జన్యములకు నిరసనగా ఆయుధములు దించిరి. ఆ పటాలమునకే చెందిన జేమ్స్ డేలీ అను యువకుని నవంబరు 2న మన గడ్డపైననే కాల్చి చంపిరి. 1970లో గాని అతని అస్థికలు స్వదేశము చేరలేదు.

1916 నాటి శతవార్షికము వచ్చినప్పుడు డబ్లిన్‌లోని గ్లాస్నెవిన్ శ్మశానవాటికయందు ఒక గోడ కట్టిరి. తిరుగుబాటులో మరణించిన అందరి పేర్లును, యోధులు, బ్రిటిషు సైనికులు, సామాన్య పౌరులు అను భేదము లేక దానిపై చెక్కిరి. చంపినవానిని, చచ్చినవానిని ఒక్క గోడపై నిలుపుట న్యాయమా అని కొందరు అడిగిరి. ఆ గోడపై రంగు చల్లిరి. పిమ్మట సుత్తులతో పగులగొట్టిరి. 2022లో నిర్వాహకులు ఆ పేర్లను తిరిగి నిలుపు యత్నము మానుకొనిరి. క్షమ ఎంత మంచిదైనను, దానిని రాతిపై చెక్కి ప్రజలకు అప్పగింపజాలమని ఆ గోడ తెలుపుచున్నది.

గోడ చేయలేని పనిని కాగితములు కొంత చేసినవి. ఐర్లండు ప్రభుత్వము 1947 నుండి 1957 వరకు, పోరాటమున పాల్గొనినవారిని కలిసి, వారి వారి మాటలలోనే 1,773 వాఙ్మూలములు వ్రాయించుకొనెను. తీర్పు చెప్పలేదు, ఎవరు వీరులో నిర్ణయింపలేదు. ఆ కాగితములను భద్రపరచి, చెప్పినవారందరు గతించిన పిదప, 2003లో తెరచెను. పేరు లేని పడుచులు వార్తలు మోసిన రాత్రులు, ఒక యింట దాగిన తుపాకులు, పొరపాటున కాల్చిన పొరుగువాడు, అన్నియు అందున్నవి. నేడు ఐర్లండు యువకులు తమ తాతల మౌనమును వాటి సాయమున చదువుకొనుచున్నారు.

మన రాజ్యాంగమునందలి ఆదేశిక సూత్రములు 1937 నాటి ఐర్లండు రాజ్యాంగమును చూచి గ్రహించినవి. రాష్ట్రపతి ఎన్నికలో రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించు పద్ధతియు ఐర్లండువారు తమ అధ్యక్షుని ఎన్నికలో వాడునదియే. 1969లో ఆ రెండవ లెక్కతోనే డబ్లిన్ పూర్వవిద్యార్థి గిరిగారు రాష్ట్రపతియైరి. ఆ దేశమునుండి ఇంత తీసికొనినవారము, వాఙ్మూలముల పద్ధతిని కూడ తీసికొనదగును.

ఏలయనగా తిరువూరు సరిహద్దుకు ఆవల 1948 సెప్టెంబరు 17ను నేటికిని కొందరు విమోచనమందురు, కొందరు విలీనమందురు, మఱికొందరు సమైక్యతా దినమందురు. రజాకార్లకు వెఱచి కృష్ణా జిల్లాకు తరలివచ్చినవారు, వారికి అన్నము పెట్టినవారు, ఆవల ఉండిపోయి పోరాడినవారు, పోలీసు చర్య పిదప చెరలపాలైనవారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ కలదు. ఏ పేరు సరియైనదని వాదించుటకు ఇంకను కాలము కలదు. చెప్పువారికి మాత్రము కాలము మిగులలేదు. నాటి పదియేండ్ల బాలుడు నేడు తొంబదికి చేరువగా నున్నాడు. అట్టి పెద్దలు మీ యింట నున్నచో వారిచే చెప్పించి, తేదీతోను ఊరి పేరుతోను వ్రాసియుంచుడు. వారు ఏ పక్షమువారని ముందుగా అడుగవలదు.